‘వుడా ప్రపోజ్డ్, నాలా కట్టబడినది’: ఈ ప్లాట్ల తెలుగు ఎవరైనా విప్పండి బాబూ

మధురవాడ నుంచి:

గ్రూపులో అందరికీ నమస్తే. పద్యాలూ సామెతలూ చాలా అయ్యాయి గదా, ఈసారి ఒక పాంప్లెట్ తెచ్చాను. ఆనందపురం జంక్షన్లో ఆటో ఆగితే ఒక కుర్రాడు చేతిలో పెట్టి పోయాడు. అందులో లైను ఉన్నదున్నట్టు ఇదీ: ‘జిరాయితీ భూమి, నాలా కట్టబడినది, వుడా ప్రపోజ్డ్ లేఅవుట్, రెసిడెన్షియల్ జోన్, గెడ్డ వ్యూ, స్పాట్ రిజిస్ట్రేషన్.’ ఇంత లైనుకీ తెలుగు క్రియ ఒక్కటే, అదీ కర్మణి. మా అత్తగారు చదివి ‘నాలా కట్టేసారంట, ఇంక వాన నీళ్లు లోపలికి రావులే’ అన్నారు, ఆవిడ పుట్టిల్లు హైదరాబాద్ లెండి. కొనేది మేం కాదు మా తమ్ముడు, వాడికి వుడా (మన విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) అన్న రెండక్షరాలు కనపడితే చాలు పర్సు తీసేస్తాడు. ఒక్కో మాట ఏటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినవాళ్లు చెప్పండి.

అక్కయ్యపాలెం నుంచి:

అమ్మా, మా నాన్నగారు దస్తావేజులు రాసేవారు, ఈ మాటలు వింటూనే పెరిగాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒకటి చెప్పాలి, ఆ లైను రాసినవాడు మామూలోడు కాదు. ఆరు ముక్కలూ వేర్వేరు ఆఫీసుల్లోంచి ఏరుకొచ్చి కామాలు పెట్టి వరసగా పేర్చాడు, చదివినవాడికి ఆరూ కలిసి ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్నట్టు వినపడాలని. నిజానికి ఒక్కో ముక్క ఒక్కో ప్రశ్నకి జవాబు. జిరాయితీ అన్నది రెవెన్యూ మాట, భూమి ఎవరిది అన్నదానికి. జోన్ అన్నది ప్లానింగ్ మాట, అక్కడ ఏం కట్టనిస్తారు అన్నదానికి. లేఅవుట్ సంగతి ఇంకోటి, ఆ ప్లాట్ల గీతలు ఎవరు ఒప్పుకున్నారు అన్నదానికి. మొదటిదానికి జవాబు బాగుంది కదా అని మిగతా రెండిటికీ బాగున్నట్టు కాదు, అసలు కిటుకంతా అక్కడే.

జిరాయితీ. ఇది జిరాయత్, అంటే సేద్యం అనే మాటలోంచి వచ్చింది, కోర్టు భాష పారశీకం అయినప్పటి మిగులు. జమీందారీల కాలంలో రైతుకి సాగు హక్కు ఉన్న భూమి అన్న అర్థంలో వాడేవారు, మన జిల్లా చాలావరకు విజయనగరం లాంటి ఎస్టేట్లే కదా. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయి సెటిల్‌మెంట్ జరిగాక రైత్వారీ పట్టాలొచ్చాయి, ఆ పట్టా భూమినే ఇప్పటికీ జిరాయితీ అంటున్నాం. అందుకే మన ఊళ్లో పాత మనుషులు అడంగల్ (ఊరి సాగు లెక్కల రికార్డు) చూపిస్తే ఊరుకోరు, సెటిల్‌మెంట్ నాటి రికార్డు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అదే ఎస్‌ఎఫ్‌ఏ తెమ్మంటారు. అందులో ఆ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసుందన్నదే లెక్క. జిరాయితీ అని ఉంటే సరే. పోరంబోకు, బంజరు, గయాలు అని ఉంటే మాత్రం అక్కడ ఆగాలి. గయాలు అంటే సాగు చేసేవాడు లేక వదిలేసిన భూమి, సర్కారు దాన్ని తనదే అంటుంది. అలాంటి నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో తేలుతుంటాయి. డి-పట్టా ఇంకో రకం, భూమి లేనివాడికి ప్రభుత్వం ఇచ్చినది, 1977 చట్టం దాన్ని అమ్మొద్దంది. ఈ మధ్య ఇరవయ్యేళ్లు దాటిన వాటికి కొంత సడలించారు గానీ అది ప్రతి కాగితానికీ తనంతట తనే వర్తించేది కాదు.

నాలా. అత్తగారి తప్పేం లేదు, హైదరాబాద్‌లో నాలా అంటే మురుగు కాలువే. ఇక్కడ మాత్రం అది పన్ను పేరు. 1963లో వ్యవసాయేతర భూములకి శిస్తు వేసే చట్టం ఒకటి వచ్చింది, నాన్ అగ్రికల్చరల్ ల్యాండ్స్ అసెస్‌మెంట్, ఆ మొదటి అక్షరాలే నాలా. 2006లో వేరే పేరుతో కన్వర్షన్ చట్టం వచ్చినా జనం నోట్లో పాత ముద్దుపేరు ఉండిపోయింది. నాలా కట్టడం, నాలా అవడం, నాలా లేకపోవడం, ఇన్ని క్రియలు పట్టాయి దానికి. 2025లో ఆ చట్టాన్ని కూడా తీసేసి ప్లాన్ ఇచ్చేటప్పుడు చార్జీల కింద వసూలు చేసే పద్ధతికి వెళ్లారు. అయినా పాంప్లెట్ల మీంచి ఆ మాట పోవడానికి ఇంకో తరం పడుతుందనుకుంటా. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే నాలా కట్టాక రెవెన్యూ వాళ్ల దృష్టిలో అది పొలం కాదు, అంతే. మాస్టర్ ప్లాన్‌లో ఆ చోటు ఆకుపచ్చ రంగులో ఉంటే నాలా రసీదు చూపించినా పసుపు అవదు. దానికి సీఎల్‌యూ, అంటే భూ వినియోగ మార్పిడి అని వేరే తంతు ఉంది.

గాజువాక నుంచి:

ఆకుపచ్చ పసుపు అన్నారు గదా మాస్టారూ, అది కొంచెం విప్పండి. మా వీధిలో ఒకాయన ‘మాది ఎల్లో జోన్’ అని ఏదో ఆరోగ్యం బాగున్నట్టు చెప్తాడు.

అక్కయ్యపాలెం నుంచి:

హహ. మాస్టర్ ప్లాన్ మ్యాపులో నివాసాలకి పసుపు వేస్తారు, సాగు భూములకీ పార్కులూ ఆటస్థలాలకీ ఆకుపచ్చ. మనకి ఇప్పుడు నడుస్తున్నది 2041 మాస్టర్ ప్లాన్. అందులో మీ సర్వే నంబరు ఏ రంగులో పడిందో చూసుకోవాలి, పక్క నంబరు రంగు మీకు పనికిరాదు. ఇంకో సంగతి, భీమిలి రోడ్డు వేపు కొనేవాళ్లకి రంగుల పైన ఇంకో గీత కూడా ఉంటుంది, సీఆర్‌జెడ్, అంటే సముద్ర తీర నియంత్రణ జోన్. పోటు గీత నుంచి ఐదొందల మీటర్ల దాకా దాని పరిధి. పసుపు జోన్ అయినా ఆ గీత లోపలుంటే దాని షరతులు దానివే.

ఇప్పుడు అసలు ముక్కకి వద్దాం, వుడా ప్రపోజ్డ్. భాషా గ్రూపు కాబట్టి వ్యాకరణంతోనే చెప్తా. ‘వుడా ప్రపోజ్డ్’ అంటే ఎవరు ఎవరికి ప్రతిపాదించారు? చదివేవాడు ‘వుడా ప్రతిపాదించిన లేఅవుట్’ అనుకుంటాడు, అంటే సర్కారే ముందుకొచ్చి ఇక్కడ కాలనీ వేద్దాం అన్నట్టు. రాసినవాణ్ణి నిలదీస్తే ‘వుడాకి ప్రతిపాదించిన’ అంటాడు, అంటే వాడే ఒక దరఖాస్తు పెట్టుకున్నాడు. మధ్యలో ‘కి’ ఒక్కటి ఎగిరిపోయింది. ఒక్క షష్ఠీ విభక్తి ప్రత్యయం మింగేసి గజానికి వేలు పెంచుకోవడం ఈ భాషలో ఇదొక్క చోటే చూశాను. ఇంకా చిత్రం ఏంటంటే 1978లో పుట్టిన వుడా 2018లోనే వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ) అయిపోయింది. ఇన్నేళ్ల తరవాత కూడా పాంప్లెట్లో వుడా అనే వేస్తారు. జనం కూడా వుడా పార్కు, వుడా కాలనీ అనే అంటారు కాబట్టి ఆ మాటకున్న పరపతి కొత్త పేరుకి ఇంకా రాలేదు.

దరఖాస్తు పెట్టిన దానికీ అనుమతి వచ్చిన దానికీ మధ్య చాలా దూరం. ముందు తాత్కాలిక అనుమతి వస్తుంది, తరవాత వాళ్లు రోడ్లూ కాలువలూ వెయ్యాలి, స్థలంలో పది శాతం ఓపెన్ స్పేస్ వదలాలి, ఆ రోడ్లూ ఖాళీ జాగా స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి, పని పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు మార్ట్‌గేజ్‌లో ఉంటాయి. అన్నీ అయితే ఫైనల్ ఎల్‌పీ (లేఅవుట్ ప్లాన్) నంబరు వస్తుంది. కాబట్టి మీ తమ్ముడు అడగాల్సింది ‘అప్రూవ్డేనా’ అని కాదు, దానికి అందరూ అవుననే అంటారు. ‘ఎల్‌పీ నంబరు ఎంత, తాత్కాలికమా ఫైనలా, నేను కొనే ప్లాటు మార్ట్‌గేజ్‌లో ఉందా’ అని అడగాలి.

పెందుర్తి నుంచి:

అన్నియ్యా బాగా సెప్పినావు. మా కాడ ఇంకో మాట ఉంది, ‘పంచాయతీ అప్రూవ్డ్’. మా ఊరోడే కాగితం మీద గీతలు గీసేసి సర్పంచి సంతకం ఎట్టించేసినాడు. లేఅవుటికి అనుమతి ఇచ్చే పవరు పంచాయతీకి తనంతట తనకి నేదు, సాంకేతిక అనుమతి పైనించే రావాల. ఆ తరవాత ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీము) అని మళ్లా డబ్బు కట్టుకోమన్నారు, కొన్నోళ్లే కట్టుకున్నారు, అమ్మినోడు హాయిగున్నాడు.

ఇంకోటి సెప్తాను, మా వేపు బ్రోకరు నోరిప్పగానే ముందు ‘పంచగ్రామాల్లోకి రాదండి’ అంటాడు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ ఐదూ. సింహాచలం దేవస్థానం భూముల తగువు. పైఊరోళ్లకి పంచగ్రామాలంటే ఏదో తీర్థయాత్ర అనుకుంటారు, ఇక్కడ ఆ మాట ఇంటే బ్యాంకోడు లోను ఫైలు మూసేస్తాడు.

హైదరాబాద్ నుంచి:

నాది కరీంనగర్, విశాఖ అల్లుణ్ణి. మా దిక్కు లెక్క గుంటలల్ల, ఎకరానికి నలభై గుంటలు, గుంటంటే 121 గజాలు. పెండ్లిచూపులకు వచ్చినప్పుడు మా నాయన ‘మాకు ఊళ్లె ఇరవై గుంటలున్నయ్’ అంటే మా మామగారింట్ల ఆడోళ్లందరు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నరు. తర్వాత తెలిసింది శ్రీకాకుళం, విశాఖ దిక్కు గుంట అంటే ఆడపిల్ల అని.

మధురవాడ నుంచి:

అయ్యో రామ, ఇరవై మంది ఆడపిల్లలా! ఇక్కడ మాకు సెంట్లండీ, ఎకరానికి వంద, సెంటుకి 48.4 గజాలు. సరే మాస్టారూ, గెడ్డ వ్యూ సంగతి చెప్పలేదు.

అక్కయ్యపాలెం నుంచి:

గెడ్డ మన ఉత్తరాంధ్ర మాట, కొండ మీంచి దిగే వాగు. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ ఊరి బయటివి. ఊరి లోపల ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ ఉన్నాయి, ఇప్పుడు వాటిని వరద కాలువలు అంటున్నారు గానీ వర్షాకాలంలో అవి తమ పాత పేరు గుర్తు చేస్తాయి. గెడ్డ వ్యూ అని మురిపెంగా రాశాడు, అదే రెవెన్యూ రికార్డులో గెడ్డ పోరంబోకు అని ఉంటుంది. 2017 బిల్డింగ్ రూల్స్‌లో పది మీటర్ల కన్నా వెడల్పైన వాగు అయితే దాని హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, అంతకు లోపు అయితే రెండు మీటర్లు వదలమన్నారు. ప్లాటు చివర ఎంత పోతుందో టేపు పెట్టి చూసుకోండి, వ్యూ మిగుల్తుంది గానీ ఇల్లు సన్నబడుతుంది.

‘మాస్టర్ ప్లాన్ రోడ్డు ఫేసింగ్’ అన్నది కూడా ఇలాంటిదే. ఆ రోడ్డు మ్యాపులో ఉంటుంది, నేల మీద చెరుకు తోట ఉంటుంది. అక్కడ ప్రపోజ్డ్ రోడ్డు అంటే నిజంగానే సంస్థ ప్రతిపాదించిందే, విభక్తి గొడవ లేదు. కాకపోతే ఫేసింగ్ అనుకున్న ప్లాటు సగం రోడ్డులోనే ఉండొచ్చు. పోయిన జాగాకి టీడీఆర్ బాండు ఇస్తారు, అది డబ్బు కాదు, ఇంకోచోట అంతస్తులు పెంచుకునే హక్కు కాగితం.

సీతమ్మధార నుంచి:

పేపర్లు చదివేవాళ్లకి నాదొక మనవి. భూసేకరణ, భూసమీకరణ ఒకటి కాదు. ‘సే’కీ ‘సమీ’కీ ఉన్నంత తేడాయే అని ఇంట్లో నవ్వుతారు గానీ చాలా తేడా ఉంది. సేకరణ అంటే 2013 చట్టం కింద పరిహారం ఇచ్చి తీసుకోవడం, ఇష్టం ఉన్నా లేకపోయినా. సమీకరణ అంటే భూమి ఇచ్చేసి అందులోంచే అభివృద్ధి చేసిన ప్లాటు వెనక్కి తీసుకోవడం. ఇది అమరావతితో బాగా నోళ్లలో పడింది, 2020లో విశాఖ చుట్టుపక్కల కూడా పెట్టారు, ఎకరం అసైన్డ్ (అదే డి-పట్టా) భూమికి 900 గజాలు వెనక్కి ఇస్తామన్న లెక్కతో. మా పిల్లాడు మాత్రం సమీకరణం అంటే ఎక్స్ ఈక్వల్టు అనే అనుకుంటున్నాడు.

అలాగే బీపీఎస్, బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము. తెలంగాణలో బీఆర్‌ఎస్ అంటారు, పార్టీ కాదు లెండి, అందులో ఆర్ అంటే రెగ్యులరైజేషన్. మన దగ్గర పీ అంటే పీనలైజేషన్. చేసేది దాదాపు ఒకటే, ప్లాన్ దాటి కట్టినదానికి డబ్బు కట్టించుకుని ఊరుకోవడం. తెలుగు పత్రికల్లో రెండిటికీ క్రమబద్ధీకరణ అనే రాస్తారు. నాకైతే మన పేరే నిజాయితీగా ఉందనిపిస్తుంది, తప్పు చేశావు జరిమానా కట్టు అని ఉంది అందులో.

గాజువాక నుంచి:

అన్నీ అయ్యాయి, స్పాట్ రిజిస్ట్రేషన్ మిగిలిపోయింది.

అక్కయ్యపాలెం నుంచి:

అదే అన్నిటికన్నా తేలికైన మాట, అందుకే చివర వేసుకుంటారు. రిజిస్ట్రేషన్ అంటే ఫలానా తేదీన ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి ఇలా రాసిచ్చాడని దస్తావేజు నమోదు చేయడం. సబ్ రిజిస్ట్రార్ 22-ఏ జాబితా చూస్తాడు, స్టాంపు డ్యూటీ చూస్తాడు. మీ తమ్ముడు అక్కడ ఇల్లు కట్టుకోవచ్చా అన్నది ఆయన పని కాదు. మా నాన్నగారి దగ్గరకి వచ్చినవాళ్లు ‘రిజిస్ట్రేషన్ అయిపోయిందండీ’ అని మిఠాయి పెడితే, తింటూనే ‘ప్లాన్ వచ్చిందా’ అని అడిగేవారు.

మధురవాడ నుంచి:

ఇందాకే తమ్ముడి చేత ఫోన్ చేయించాను. ఎల్‌పీ నంబరు అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది సార్’ అన్నాట్ట. ఎస్‌ఎఫ్‌ఏ కాపీ అడిగితే లైను కట్ అయింది. ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న మాట మీద ఇంకో చర్చ పెడతాను, ముందు వాడి పర్సు దాచి వస్తా.