కొమ్మల చిప్పర్: ట్రాక్టర్‌కు తగిలించేదా, సొంత ఇంజిన్‌దా?

తిరుపతి చెట్లపని: ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో కొమ్మలు కొట్టే పని మాది. కొట్టడం కంటే కొట్టింది ఎత్తిపోయడమే పెద్ద టెన్షన్. వేప కొమ్మలు ట్రాలీలో వేస్తే సగం గాలే. మామిడి కోతలయ్యాక దామలచెరువు, బంగారుపాళ్యం వైపు తోటల్లో కత్తిరింపులకూ పిలుస్తారు. 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది. కొమ్మల్ని చిన్న ముక్కలు (చిప్స్) చేసే చిప్పర్ మిషన్ కొందామనుకుంటున్నా. ట్రాక్టర్‌కు తగిలించేది చాలా, డీజిల్ ఇంజిన్‌తో వచ్చేది కొనాలా?

పాకాల మామిడి: ట్రాక్టర్ ఇంట్లో పెట్టుకుని ఇంకో ఇంజిన్ ఎందుకు తమ్ముడూ? దానికి మళ్లీ ఆయిలు, ఫిల్టర్లు, బ్యాటరీ. ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టు ఉందే, పీటీఓ, దాన్ని నిమిషానికి 540 చుట్ల మీద తిప్పుకుంటే పనైపోతుంది. ఒకటి మాత్రం చూసుకో. 45 అనేది ఇంజిన్ హెచ్‌పీ, పీటీఓ దగ్గరికి అంతకంటే తక్కువే వస్తుంది. చిప్పర్‌వాళ్లు ఎంత కావాలంటున్నారో దాంతో పోల్చుకో.

ఎమ్మార్‌పల్లి: ట్రాక్టర్‌ను చిప్పర్‌కు కట్టేస్తే ట్రాలీ ఎవరు లాగుతారన్నా? తోటలో చిప్స్ అక్కడే పడితే సరిపోతుంది. బైరాగిపట్టెడ సందులో అపార్ట్‌మెంటువాళ్లు ఊరుకుంటారా? సాయంత్రానికి వాకిలి ఊడ్చి ఇవ్వాలి. ఇంజిన్ ఉన్నదైతే పికప్ వెనక లాక్కెళ్లి, చిప్స్ నేరుగా ఆ పికప్‌లోకే కొట్టించుకోవచ్చు. టౌన్ పనికి ట్రాక్టర్ చిప్పర్ దండగ.

పాకాల మామిడి: దండగ అనకు. ఆ చిప్స్ కోసమే మేం పిలుస్తాం. మొదలుకు జానెడు వదిలి చుట్టూ పరిస్తే తేమ నిలుస్తుంది. పచ్చి చిప్స్ మట్టిలో కలపకూడదంతే, కుళ్లేటప్పుడు నత్రజని లాగేసుకుంటాయి. ఎండుతెగులు పట్టిన కొమ్మలు మాత్రం చిప్పర్‌లో వేయొద్దు, కాల్చేయాల్సిందే.

చిత్తూరు వర్క్‌షాప్: ఇద్దరూ ఇంజిన్ దగ్గరే ఆగిపోయారు. ముందు నోరు చూడండి. ఆరంగుళాల మిషన్ అంటారు గానీ వంకర కొమ్మ, పంగ ఉన్న కొమ్మ ఆ నోట్లోకి దూరాలి కదా. బ్లేడ్లు పళ్లెం లాంటి చక్రానికి బిగించిన డిస్కు మిషన్‌లో ముక్కలు ఒకే తీరుగా వస్తాయి, నిటారు కొమ్మలకు బాగుంటుంది. రొడ్డ, పంగలు ఎక్కువుంటే బ్లేడ్లు పీపా లాంటి దిమ్మకు ఉండే డ్రమ్ము మేలు. కొబ్బరి మట్టలు రెండింటికీ తలనొప్పే. పీచు షాఫ్టుకు చుట్టుకుంటుంది, ఆపి కోసి తీయాలి.

రెండోది, కొమ్మను లోపలికి లాగే రోలర్. స్పీడు పడిపోగానే రోలర్ దానంతటదే ఆగి, ఇంజిన్ అందుకున్నాక మళ్లీ లాగే ఏర్పాటు ఉందా? లేకపోతే చింత కొమ్మ పెట్టిన ప్రతిసారీ మిషన్ బిగుసుకుపోతుంది. ఈ రోలరే లేని చవక మిషన్లున్నాయి, వాటి జోలికి పోవద్దు.

ఇక బ్లేడు. రోడ్డు పక్క చెట్టంటే బోర్డు మేకులు, ఫ్లెక్సీ కట్టిన తీగలు. ఒక్క మేకు చాలు, అంచు లేచిపోతుంది. చిప్స్ చేతిలోకి తీసుకుని చూడండి. అంచు తెగినట్టుంటే సరే. నారలు నారలుగా, చివర చీలికలుగా వస్తుంటే బ్లేడు మొద్దుబారింది, లేదా కదలకుండా ఉండే ఎదురు బ్లేడుకూ దానికీ మధ్య సందు పెరిగింది. ఆ సందు సరిచేయకుండా బ్లేడు ఒక్కటే సానబెడితే డీజిల్ ఖర్చు తగ్గదు.

రేణిగుంట: రోలర్ ఆపే అడ్డకడ్డీ గురించి ఎవరూ మాట్లాడరేం? నోటి దగ్గర ఒంటితో తోస్తే ఆగిపోవాలి. కుర్రాళ్లు మెడలో తువ్వాలుతో, లుంగీతో నిలబడితే ఏ కొమ్మ పుల్లకో చిక్కుకుంటుంది. మొదలు వైపు ముందు పెట్టి పక్కకు జరగాలి. పొట్టి ముక్కల్ని చేత్తో, కాలితో కాదు, పొడవాటి కొమ్మతో తోయాలి. మీరు రేటు ఎంత తగ్గించుకుని కొన్నా ఆ కడ్డీ లేకపోతే నేనైతే మా వాళ్లను దాని దగ్గరికి పంపను.

ఎమ్మార్‌పల్లి: ఇంకో మాట. పెరట్లో ఎర్రచందనం ఉందని ఎవరైనా పిలిస్తే అటవీశాఖ అనుమతి కాగితం చూడకుండా రంపం తీయకండి. చిప్స్ చేసినా అది ఎర్రచందనమే!

తిరుపతి చెట్లపని: నాకు టౌన్ పనే ఎక్కువ. ఇంజిన్ ఉన్న డ్రమ్ము వైపే మొగ్గుతున్నా. పాకాల అన్న చెప్పిన తోటలకు ట్రాక్టర్ చిప్పర్ బాడుగకు తీసుకుంటా. డెమోకు రమ్మన్నారు, చింత కొమ్మలు, నాలుగు కొబ్బరి మట్టలు తీసుకెళ్తున్నా.

చిత్తూరు వర్క్‌షాప్: డెమోలో కొత్త బ్లేడు దేన్నైనా నమిలేస్తుంది. అయిపోయాక మీ స్పానర్‌తో మీరే బ్లేడు విప్పి బిగించి చూడండి. బ్లేడ్ల సెట్టు రేటు కొటేషన్‌లోనే రాయించుకోండి.