ఆఖరి ఐదు సెకన్లలో వచ్చి వేలం పాట ఎత్తుకుపోవడం న్యాయమేనా?

పాత_లెన్స్ (చర్చ మొదలుపెట్టినవారు)

నిన్న రాత్రి నుంచి మనసు మనసులో లేదు. నా ఫిల్మ్ కెమెరాకి సరిపడే ఒక పాత లెన్స్ కోసం ఏడాదికి పైగా వెతుకుతున్నాను, చివరికి ఒక వేలం సైట్‌లో కనిపించింది. ఏడు రోజుల వేలం. మొదటి రోజే పాట పెట్టాను, ఎవరైనా పెంచినప్పుడల్లా నేనూ కొంచెం పెంచుకుంటూ వచ్చాను, ఆఖరి గంటంతా నాదే హెచ్చు పాట. ఇంకో ఐదు సెకన్లు ఉందనగా, అప్పటిదాకా ఒక్కసారి కూడా కనిపించని మనిషి ఎవరో వచ్చి నా మీద ఒకే ఒక్క మెట్టు (పాట పెంచాలంటే కనీసం ఇంత పెంచాలని సైట్ పెట్టే మొత్తం) ఎక్కువకి పట్టుకుపోయారు. నేను కొత్త అంకె కొట్టేలోపే వేలం ముగిసిపోయింది. డబ్బు లేక కాదు, ఇంకా పెట్టగలిగేవాణ్ణి, టైమ్ లేదంతే. వారం రోజులు అందరికీ కనపడేలా నిలబడ్డవాడికి దక్కకుండా ఐదు సెకన్లు తొంగి చూసినవాడికి దక్కడం నాకు మోసంలాగే ఉంది. మీరేమంటారు?

నాణేల_పెట్టె

మోసం అనకండి. నేను పదేళ్లుగా పాత నాణేలు కొంటున్నాను, నేను కూడా ఆఖరి సెకన్లలోనే పాట పెడతాను, దాచుకోవాల్సిన పని అని ఏనాడూ అనుకోలేదు.

"ఇంకా పెట్టగలిగేవాణ్ణి" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. ఈబే లాంటి వేలం సైట్లలో మీరు కొట్టే అంకె మీరు కట్టబోయే ధర కాదు, అంతకు మించి ఇవ్వను అని మీరు గీసుకునే గీత. ఆ గీత లోపల సిస్టమే మీ తరఫున అవసరమైనంత మేరకు పాట పెంచుతూ పోతుంది. మీ గీత 100, ఇంకొకరిది 60, మెట్టు 1 అనుకుంటే మీకు వస్తువు 61కే వస్తుంది, 100కి కాదు. కాబట్టి మీరు మొదటి రోజే 100 పెట్టి పడుకుని ఉంటే, ఐదు సెకన్లు ఉందనగా 75తో వచ్చినవాడికి ఆ క్షణంలోనే చుక్కెదురయ్యేది. మీరు 60 పెట్టి, ఎవరో 61 అంటే 65 అని, అలా అలా వెళ్లారు. అంటే మీ అసలు గీత ఎక్కడుందో సైట్‌కి మీరు చెప్పనే లేదు.

ఇంకో మాట, ఆయన ఒక్క మెట్టుతో గెలిచారని అనుకోవద్దు. ఆయన మీకు రెండింతలు కొట్టి ఉండొచ్చు, బయటికి కనపడేది మాత్రం మీ పాట మీద ఒక మెట్టే.

విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే సీల్డ్ కవర్ వేలాల మీద ఈ లెక్క తేల్చారు. గెలిచినవాడు రెండో పెద్ద పాట ధర కడితే చాలు అనే నియమం పెడితే, ప్రతి ఒక్కరూ తమకు ఆ వస్తువు ఎంత విలువో అంత రాసేయడమే మంచిది, తగ్గించి రాస్తే లాభమేమీ లేదు అని. 1996లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. ఈబే పద్ధతి దానికి దగ్గరి చుట్టమే.

అమ్మకందారు_ఒకరు

నాణేల పెట్టె గారు, లెక్క బాగుంది. మరి మొదటి రోజే అసలు అంకె పెట్టేయడం అంత మంచిదైతే మీరు ఆఖరి సెకన్ దాకా ఎందుకు ఆగుతున్నారు? మీ గీత 100 అయితే సోమవారమే పెట్టేసి హాయిగా ఉండొచ్చుగా?

నేను అమ్మేవైపు మనిషిని. వారం రోజులు పాట కదలకుండా చచ్చినట్టు పడి ఉంటుంది, చూసేవాళ్లు బోలెడంత మంది, పాడేవాళ్లు ఇద్దరు. అందరూ చెట్టు చాటున నక్కి ఆఖరి నిమిషం కోసం కాచుకుని ఉంటారు. అప్పుడు ఇద్దరు ముగ్గురి పాటలు ఒకేసారి పడతాయి, మిగతావాళ్లకి జవాబు చెప్పే వీలుండదు. వేలం అంటే అర్థమే ఒకరి పాట విని ఇంకొకరు పెంచడం కదా. ఎదుటివాడికి వినపడకుండా పాడితే అది పాటే కాదు.

నాణేల_పెట్టె

సరైన ప్రశ్న అడిగారు, దాటవేయను.

ఎందుకు ఆగుతానంటే, ఎదుటివాళ్లందరూ విక్రీ చెప్పినట్టు నడుచుకోరు. పాత లెన్స్ గారిలాగే కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్లేవాళ్లు చాలామంది. నేను ముందే పాడితే వాళ్లకి రోషం పుట్టించినట్టే, ఇద్దరం కలిసి ధరని ఆకాశానికెక్కిస్తాం. రెండోది, నాకు పదేళ్ల కష్టం మీద వచ్చిన జ్ఞానం ఉంది. నాణెం మీద ముద్ర చూసి ఏది అరుదైనదో, ఏది నకిలీయో చెప్పగలను. పాడేవాళ్ల పేర్లు కనపడే సైట్‌లో నేను మంగళవారం పాట పెడితే, నా ఖాతా పేరు గుర్తుపట్టే నలుగురు "ఈయన పాడాడంటే సరుకు అసలుదే" అని నా వెనకాల వచ్చేస్తారు. నా చదువుని నేను ఊరికే పంచిపెట్టాలా? మూడోది మీకు నచ్చకపోవచ్చు. కొందరు అమ్మకందారులు దొంగ ఖాతాలతో తమ సరుకు మీద తామే పాట పెంచి, కొనేవాడి గీత ఎక్కడుందో తడిమి చూస్తారు. నా గీత ఆఖరి ఐదు సెకన్ల దాకా నా జేబులోనే ఉంటే ఎవరూ తడమలేరు. అసలు మోసం అనాల్సింది దాన్ని.

చరిత్ర_చదువరి

మధ్యలో ఒక పాత సంగతి చెప్పనివ్వండి, ఈ గొడవ కంప్యూటర్‌తో మొదలవలేదు. 17వ శతాబ్దం ఇంగ్లండ్‌లో కొవ్వొత్తి వేలాలు ఉండేవి. చిన్న కొవ్వొత్తి ముక్క వెలిగిస్తారు, అది ఆరిపోయే ముందు చివరగా పాడినవాడిదే వస్తువు. నౌకాదళ కార్యాలయంలో పనిచేసిన శామ్యూల్ పెపీస్ 1662 సెప్టెంబరులో పాత ఓడలను ఇలా అమ్మిన రోజు గురించి తన డైరీలో రాసుకున్నారు. మొదట్లో ఎవరూ నోరు విప్పరు, కొవ్వొత్తి ఆరబోతుండగా ఒకటే అరుపులు. వాళ్లలో ఒకాయన మాత్రం ప్రతిసారీ సరిగ్గా చివర పాడి గెలుస్తున్నాడట. ఎలాగని అడిగితే, మంట ఆరే ముందు పొగ కిందికి దిగుతుంది, అది చూసి పాడతాను అన్నాడట.

ఆయన్ని మోసగాడు అందామా? నా మటుకు నాకు ఆయన కళ్లున్న మనిషి.

అమ్మకందారు_ఒకరు

కొవ్వొత్తి ఎప్పుడు ఆరుతుందో మామూలు మనిషికి తెలియదు, అందుకే అందరూ భయపడి కాస్త ముందే పాడతారు. ఆన్‌లైన్‌లో గడియారం సెకన్లతో సహా చూపిస్తుంది, పొగ చూడాల్సిన పనే లేదు. నా ఫిర్యాదు ఆ గడియారం మీదే. ఎదురుగా జరిగే పాటలో "ఒకటోసారి, రెండోసారి" అని పిలుస్తారు, ఎవరైనా పెంచితే మళ్లీ మొదటికొస్తుంది, "మూడోసారి" అనేది అందరూ నోరు మూసుకున్నాకే. ఆన్‌లైన్‌లో ఆ పిలుపు తీసేసి గడియారం పెట్టారు.

పెట్టక తప్పదా అంటే అదీ కాదు. న్యూజిలాండ్‌లో ట్రేడ్ మీ సైట్ చూడండి, ఆఖరి రెండు నిమిషాల్లో పాట పడితే గడువు ఇంకో రెండు నిమిషాలు పెరుగుతుంది. అమెజాన్ 1999లో వేలాలు మొదలుపెట్టినప్పుడు పది నిమిషాల పాటు కొత్త పాట రాకపోతేనే ముగిసేది. రాత్, ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఈబేనీ అమెజాన్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆఖరి నిమిషం పాటలు ఈబేలో చాలా ఎక్కువ. ఈబేలో అనుభవం పెరిగేకొద్దీ జనం ఇంకా ఆలస్యంగా పాడుతున్నారు, అమెజాన్‌లో అనుభవం పెరిగేకొద్దీ ముందుకు జరుగుతున్నారు. అంటే మనుషుల బుద్ధిలో తేడా లేదు, నియమం ఎలా ఉంటే అలా నడిచారు.

నాణేల_పెట్టె

అదే పరిశోధనలో ఇంకోటి కూడా ఉంది. ఈబేలో కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల దగ్గర ఈ ఆలస్యం ఎక్కువ. నేను చెప్పిన జ్ఞానం సంగతి అదే, విలువ కట్టడం కష్టమైన చోటే తెలిసినవాడు నోరు కట్టుకుని కూర్చుంటాడు.

నియమం మారిస్తే నేనూ మారతాను, అందులో అభ్యంతరం లేదు. గడువు పొడిగించే చోట నేను ముందే పాడతాను. కానీ సైట్ ఈ నియమం పెట్టి, అందరికీ ముందే చెప్పి, గడియారం అందరికీ ఒకేలా చూపిస్తున్నప్పుడు, ఆ నియమం ప్రకారం ఆడినవాణ్ణి తప్పుపట్టకండి.

రాత్రి_డ్యూటీ

నాది వేరే బాధ. నేను చూసే వేలాలు ఎక్కువగా నా డ్యూటీ టైమ్‌లో ముగుస్తాయి. అందుకని ఆఖరి సెకన్లలో పాట వేసే సాఫ్ట్‌వేర్ వాడతాను. దీన్ని చాలామంది తిడతారు. ఒకే రకం వస్తువు నాలుగు చోట్ల ఉన్నప్పుడు ముందే పాడేస్తే కట్టుబడిపోతాం, నాలుగూ మన నెత్తిన పడొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే ఒకటి రాగానే మిగతావి రద్దు చేసుకోవచ్చు. అయితే మన పాస్‌వర్డ్ ఇంకొకరి చేతిలో పెట్టాలి, అది రిస్కే. ఆఖరి మూడు సెకన్లలో నెట్ ఆగితే పాట చేరదు, నాకు రెండుసార్లు అలాగే పోయింది. ఇద్దరి గీత ఒకటే అయితే ముందు పాడినవాడిదే గెలుపు, ఆలస్యం చేసినవాడు అక్కడా ఓడతాడు. అందుకని నేను గుండు అంకె పెట్టను, 100 బదులు 101 చిల్లర పెడతాను.

పాత_లెన్స్

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఆ మనిషిని మోసగాడు అన్నందుకు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా గీత నేను పెట్టుకోకపోవడం నా తప్పే. కానీ అమ్మకందారు గారి మాట కూడా నాకు నిజమనిపిస్తోంది, ఇంకో రెండు నిమిషాలు ఇచ్చి ఉంటే ఆ అమ్మినవారికి ఎక్కువ డబ్బు, నాకు లెన్స్ వచ్చేవేమో. గడువు పొడిగించమని ఆ సైట్‌కి రాయబోతున్నాను, ఎవరైనా కలిసొస్తే బాగుంటుంది.

అదే మోడల్ ఇంకొకటి ఇవాళ పొద్దున పెట్టారు, నాలుగు రోజుల గడువు. ఈసారి నా గీత ఎంతో కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఇప్పుడే కొట్టేయాలా, ఆఖరిదాకా ఆగాలా?

నాణేల_పెట్టె

ముందు ఆ అమ్మేవారికి మెసేజ్ పెట్టి లోపల ఫంగస్ ఉందేమో అడగండి, లెన్స్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని తీసిన ఫోటో పంపమనండి. అది చూశాక కాగితం మీద అంకె మారొచ్చు. నాలుగు రోజులుంది, తొందర లేదు.