అడ్డదూలమా, కట్టుదూలమా?

ప్రశ్న: పది అడుగుల వెడల్పున్న చిన్న కొయ్య షెడ్డు కట్టే పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. ఎదురెదురు స్తంభాలను కలుపుతూ వేసే కొయ్యను ఇంగ్లీషులో టై బీమ్ అంటారు. ‘అడ్డదూలం’ అని రాశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది, అందరికీ అర్థమవుతుంది. ‘బంధన దూలం’ లాంటివి మాత్రం వద్దు, పాఠ్యపుస్తకం వాసన కొడతాయి.

మరొకరి జవాబు: సరిపోదండి. దూలం అనగానే మనకు తోచేది మోసే కొయ్య. పైబరువుకు నడుము వంగకుండా ఉండటమే దాని పని. ఇక్కడ పని వేరు. కప్పు బరువుకు వాసాల కింది కొసలు బయటికి తన్నుతాయి. రెండు పక్కలూ విచ్చుకోకుండా లోపలికి లాగి పట్టుకోవాలి, అచ్చం తాడులా. అడ్డదూలం అని చదివిన మనిషి స్తంభం తల మీద చిన్న గాడి చెక్కి దాన్ని కూర్చోబెడతాడు. మోయడానికి అది చాలు, లాగుడుకు ఊడివస్తుంది.

‘కట్టుదూలం’ అనండి. ఇల్లూ కడతాం, తాడూ కడతాం, క్రియ ఒకటే. తాటాకు పాకలో వాసాలను తాళ్లతోనే కదా బిగించేది! (తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు ఆ కట్లను ఎన్నడూ లెక్కపెట్టడు.)

అడిగినవారు: మాట నచ్చింది. మరి అతుకు? పావురం తోకలా చెక్కి పైనుంచి దించేది రాద్దామనుకున్నాను.

రెండో జవాబిచ్చినవారు: చూపుకు బాగుంటుంది, పచ్చి కొయ్యకు నమ్మకం లేదు. కొయ్య ఆరేకొద్దీ అడ్డకొలతలో కుదించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. తోక సన్నబడి సందు పడుతుంది, దూలం ఆ మేరకు జారుతుంది. నేనైతే దూలం కొసను నాలుకలా చెక్కి స్తంభంలోని బెజ్జం గుండా అవతలికి పంపుతాను. నాలుక కింది అంచు ఏటవాలుగా, కొసకు వెళ్లేకొద్దీ వెడల్పుగా ఉండాలి. బెజ్జం అడుగునా అదే వాలు. దూర్చాక పైన మిగిలిన సందులో వాలుగా చెక్కిన ముక్క కొట్టాలి. ఇక లాగేకొద్దీ బిగుస్తుంది. ఏడాది తర్వాత వదులైతే ఆ ముక్కకే మరో రెండు దెబ్బలు. కొయ్యమేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే దాని రంధ్రం అవతల నాలుక పొడవు తగినంత మిగలాలి, లేకపోతే ఆ భాగం నారవెంట చీలి బయటికి వస్తుంది.

మొదట జవాబిచ్చినవారు: కట్టుదూలం, ఒప్పుకున్నాను. కానీ పదసూచికలో అడ్డదూలాన్నీ ఉంచండి. వెతికేవాళ్లు ఆ మాటతోనే వెతుకుతారు.