సూత్రధారి అక్కడ డైరెక్టర్, ఇక్కడ ముద్దాయి

అందరికీ నమస్కారం. మావాడికి ఈమధ్య ఇండోనేషియా దెయ్యం సినిమాల పిచ్చి పట్టింది. వాడి పక్కన కూర్చుని సబ్‌టైటిల్స్ చదువుకుంటూ నేనూ చూస్తున్నాను, సగంసేపు కళ్ళు మూసుకునే అనుకోండి. మొన్న పేర్లు పడుతుంటే "సుత్రదారా" అని ఒక మాట, దాని కింద డైరెక్టర్ పేరు కనపడ్డాయి. రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పి చూశాను. అవును, మన సూత్రధారే. సినిమా డైరెక్టర్‌కి అక్కడ మామూలుగా వాడే మాటే అది. వాళ్ళ జాతీయ సినిమా అవార్డు పేరు "పియాలా చిత్రా" (పియాలా అంటే కప్పు, చిత్రా మన చిత్రమే), అందులో ఉత్తమ దర్శకుడి బహుమతి "సుత్రదారా తెర్బాయిక్".

మరి మన దగ్గర? ఏ రోజు పేపర్ తీసినా చూడండి: నకిలీ విత్తనాల సూత్రధారి, పేపర్ లీకేజీ సూత్రధారి, గంజాయి రవాణాలో "కీలక సూత్రధారి". "పాత్రధారులు దొరికారు, సూత్రధారులెవరు?" అనేది మన విలేకరులకు ఊతపదం అయిపోయింది. కూచిపూడి భాగవతంలో చేతిలో తాళాలతో నిలబడి, పాత్రల్ని రప్పించి, మాధవి అయి సత్యభామతో మాట కలిపి, ఆట మొత్తం నడిపే పెద్దమనిషిని తెచ్చి, మొహానికి ముసుగేసి ప్రెస్ మీట్లో నిలబెట్టినట్టుంది నాకైతే.

అసలు తమాషా ఇంకోటుంది. అక్కడి తోలుబొమ్మలాట పేరు వాయాంగ్ కులిత్ (కులిత్ అంటే తోలు), ఆడించేవాడు దలాంగ్. ఒక్కడే మనిషి. తెర దగ్గర దీపం కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అరటి బోదెలో గుచ్చిన బొమ్మల్ని తీస్తూ పెడుతూ, భీముడి గొంతూ ద్రౌపది గొంతూ తనే పలుకుతూ, వాయిద్యాలవాళ్ళకు సైగగా పక్కనున్న చెక్కపెట్టె మీద టకటకా కొడుతూ, రెండు చేతులూ ఖాళీ లేకపోతే కాలితోనైనా చప్పుడు చేస్తూ, తెల్లారేదాకా నడిపిస్తాడు. ఇప్పుడు చెప్పండి, హత్య వెనకో అల్లర్ల వెనకో ఉన్న మనిషిని ఇండోనేషియా పత్రికలు ఏమంటాయనుకున్నారు? దలాంగ్! వాళ్ళు సూత్రధారికి సినిమా అప్పజెప్పి బొమ్మలాడించేవాడికి నేరం అంటగట్టారు, మనం సినిమాకి దర్శకుణ్ణి తెచ్చుకుని సూత్రధారిని స్టేషన్‌కి పంపాం.

నా ప్రశ్న ఒకటే. తెలుగులో ఈ మాటకి నేరం వాసన ఎప్పటినుంచి పట్టింది? పాత పత్రికలు తిరగేసినవాళ్ళు చెప్పాలి.

— అన్నా, సూత్రం అంటే బొమ్మ దారమనే అందరూ రాస్తారు గానీ, శిల్పులూ వడ్రంగులూ కొలతకు పట్టే తాడు అనేవాళ్ళూ ఉన్నారు. మన తోలుబొమ్మలకి అసలు దారాలెక్కడివి, కర్రలేగా? తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంట వెళ్ళినప్పుడు చేత్తో పట్టుకుని చూశాను.

— నిజమే తమ్ముడూ, వాయాంగ్ బొమ్మకీ పుల్లలే, మంచివైతే గేదె కొమ్ముతో చేస్తారు. బొమ్మ కూడా గేదె తోలే, మన దగ్గర మేకతోలు. నన్ను పట్టుకున్నది మాత్రం హాస్యగాళ్ళు. మనకి జుట్టుపోలిగాడూ బంగారక్కా ఎలాగో, వాళ్ళకి సెమార్, అతని కొడుకులు అలాగ. వ్యాసుడికీ వాల్మీకికీ తెలియని ఈ మనుషులే అర్ధరాత్రి దాటాక జనాన్ని మేలుకోబెడతారు. యోగ్యకర్తలో కీ సెనో నుగ్రోహో అనే దలాంగ్ ఈ సెమార్ బృందం జోకులతోనే యూట్యూబ్ లైవ్‌లో పెద్ద స్టార్ అయ్యారు. ఆయన 2020లో పోయారు. భాష ముక్క అర్థం కాకపోయినా ఒక వీడియో పెట్టుకుని చూడండి, నవ్వు ఎక్కడ రావాలో గొంతుని బట్టే తెలిసిపోతుంది.

— ఇదంతా మన తెలుగువాళ్ళు ఓడలెక్కి వెళ్ళి నేర్పిందే. గర్వంగా ఉంది!

— ఆగండి బాబాయ్. ఇది సంస్కృతం, మనకీ అరువే, వాళ్ళకీ అరువే. తెచ్చుకున్నాక ఎవరిష్టం వాళ్ళది. అక్కడ "దేసా" అంటే పల్లెటూరు. 2019లో ట్విట్టర్‌లో విడతలు విడతలుగా వచ్చి వైరలైన ఒక దెయ్యం కథని సినిమా తీస్తే 2022లో దాదాపు కోటి టికెట్లు తెగాయి, దాని పేరులో "దేసా పెనారి" అని ఉంటుంది, అంటే నాట్యకత్తె ఊరు. నేను దేశం అనుకుని రాజుగారెప్పుడొస్తారా అని గంటసేపు ఎదురుచూశాను. "అచారా" అంటే టీవీ ప్రోగ్రాం, మడీ లేదు తడీ లేదు. "బిచారా" మన విచారమే, కానీ అర్థం మాట్లాడటం, ఏడుపేం లేదు. నెటిజన్‌కి "వార్గానెత్", అందులో ముందున్నది వర్గం. మనం నెటిజన్లు అని యథాతథంగా దింపేసుకున్నాం, వాళ్ళు సగమైనా మార్చుకున్నారు, నాకది నచ్చింది.

— మీ పోస్టు చదివి ఫేస్‌బుక్‌ని ఆ భాషలోకి మార్చానండీ. లైక్ దగ్గర "సుకా", షేర్ దగ్గర "బాగికాన్" అని వచ్చింది. ఇవీ మనకి తెలిసినవేనా?

— తెలిసినవే. సుకా మన సుఖం, అక్కడ ఇష్టపడటం అయింది. బాగిలో ఉన్నది భాగం. "సుకా దుకా" అంటే కష్టసుఖాలే. అన్నట్టు మళ్ళీ తెలుగులోకి మార్చుకోవడం మర్చిపోకండి, నేను మార్చి రెండ్రోజులు సెట్టింగ్స్ ఎక్కడున్నాయో దొరక్క మావాడి కాళ్ళు పట్టుకున్నాను. సరే, పాత పత్రికల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. లైబ్రరీలో బౌండు వాల్యూములు చూడగలిగిన వాళ్ళు సూత్రధారి కనపడ్డ పేజీని తేదీతో సహా ఫోటో తీసి పెట్టండి.