అమ్మ లెక్కల పుస్తకంలో "ఖాళీ బెర్తు": పాత ఉద్యోగినుల క్లబ్బుల గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న (హైదరాబాదు నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మగారు విశాఖపట్నంలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో 31 సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేశారు. కిందటి ఏడాది కాలం చేశారు. సంవత్సరీకాలు అయిన తరువాత ఆమె బీరువా సర్దుతూ ఉంటే, పట్టుచీరల అడుగున ఎర్రటి గుడ్డ అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. అట్ట మీద "మన క్లబ్బు" అని మాత్రమే ఉంది. లోపల అంతా అమ్మ దస్తూరీయే.

ఆఫీసులోని ఆడవాళ్ళు కొందరు, వారి స్నేహితురాళ్ళు మరికొందరు కలిసి ఒక క్లబ్బు నడుపుకునేవారనీ, అప్పుడప్పుడు ప్రయాణాలు చేసేవారనీ నాకు లీలగా తెలుసు. అమ్మ వాటి గురించి వివరంగా ఎప్పుడూ చెప్పలేదు; నేనూ కూర్చోబెట్టి అడగలేదు. పుస్తకంలో నాలుగు ప్రయాణాల లెక్కలు ఉన్నాయి: 1979 డిసెంబరులో బొర్రా గుహలు, 1981 నవంబరులో రామేశ్వరం, కన్యాకుమారి, 1982 డిసెంబరులో పూరీ, కోణార్క, 1985 అక్టోబరులో డార్జిలింగు. ప్రతి పేజీలోనూ నాకు అర్థం కాని పొడి అక్షరాలు ఉన్నాయి. "వి.ని. 10" అని నెలనెలా పన్నెండు పేర్ల ఎదుట రాసి ఉంది. "స.టి.", "బ్రే.జ. మధుర 1, రామేశ్వరం 2", "తంతి 3, జవాబు 2" అని మరికొన్ని. అన్నిటికంటే నన్ను వేధిస్తున్నది 1981, 1982 లెక్కల్లో కనిపించే "ఖాళీ బెర్తు" అనే పద్దు. రూపాయి రూపాయికీ లెక్క రాసుకున్న మనుషులు ఖాళీ బెర్తుకు డబ్బు ఎందుకు కట్టారో నాకు తోచడం లేదు. ఆ రోజుల్లో ఇలాంటి క్లబ్బుల్లో ఉన్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (విజయవాడ నుంచి)

అమ్మా, మీరు రాసినది చదవగానే మా ఆఫీసు వెనక వరండా, మధ్యాహ్నం టిఫిను డబ్బాలు తెరిచి కూర్చునే చోటు కళ్ళ ముందుకు వచ్చాయి. నేను వేరే శాఖలో పనిచేశాను కానీ మాకూ ఇలాంటి బృందం ఉండేది, ఇలాంటి పుస్తకమూ ఉండేది. మాది దొరకలేదు. మీది జాగ్రత్త చేయండి.

"వి.ని." అంటే విహార నిధి అయి ఉంటుంది. "స.టి." సర్క్యులర్ టికెట్టు. బయలుదేరిన స్టేషనుకే తిరిగి వచ్చేలా గుండ్రంగా వేసుకున్న దారికి రైల్వేవారు ఒకే టికెట్టు ఇస్తారు. దారిలో ఎనిమిది చోట్ల దాకా దిగి ఆగవచ్చు. దూరం పెరిగే కొద్దీ మైలుకు పడే చార్జీ తగ్గుతుంది కనుక విడివిడిగా కొనడం కంటే బాగా కలిసివచ్చేది. "బ్రే.జ." అంటే అలా దారిలో దిగడం, బ్రేక్ జర్నీ. టికెట్టు చేతిలో ఉన్నంత మాత్రాన బెర్తు ఉన్నట్టు కాదు. కంప్యూటరు రిజర్వేషన్లు రాకముందు, మధుర (మదురై) నుంచో మద్రాసు నుంచో ఎక్కవలసిన బండికి బెర్తులు కావాలంటే మన ఊరి స్టేషనులో దరఖాస్తు ఇస్తే వారు అక్కడికి టెలిగ్రాం పంపేవారు. జవాబు వస్తే వచ్చినట్టు, లేకపోతే అక్కడికి చేరి అడుక్కోవడమే. "తంతి 3, జవాబు 2" అంటే ఒక రాత్రి బెర్తులు ఖాయం కాకుండానే మీ అమ్మగారి బృందం బయలుదేరింది. పదిమంది ఆడవాళ్ళు, భాష రాని ఊళ్ళో, అలా బయలుదేరడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఈనాటి వారికి చెప్పినా అందదేమో.

సంవత్సరాలు చూస్తే ఇంకొక సంగతి నాకు తడుతోంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎల్‌టీసీ, అంటే సెలవు ప్రయాణ రాయితీ, నాలుగేళ్ళ బ్లాకులుగా లెక్కిస్తారు. అందులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు. ఆ బ్లాకులు 1978 నుంచి 81 వరకు ఒకటి, 1982 నుంచి 85 వరకు ఒకటి. మీ అమ్మగారి దూర ప్రయాణాలు రెండూ సరిగ్గా బ్లాకు ముగిసే సంవత్సరాలలోనే ఉన్నాయి చూడండి. సర్కారు ఇచ్చే ప్రయాణాన్ని వదులుకోకుండా చివరి ఏడాదిలో వాడుకున్నారు. దగ్గరి ఊళ్ళకు మాత్రం సొంత డబ్బు పెట్టుకున్నారు. ఎల్‌టీసీ అనగానే భార్యాపిల్లలతో వెళ్ళడమని మగవారు అనుకునే కాలంలో, అది ఉద్యోగం చేసే మనిషి హక్కు, కుటుంబం వేరుగా వెళ్ళినా చెల్లుతుంది అని నిబంధన చదివి చెప్పిన అక్క ఒకరు మా ఆఫీసులో ఉండేవారు. ఆమె చెప్పకపోతే నేను కన్యాకుమారి చూసేదాన్ని కాదు.

మేము 1985లో వెళ్ళాము. మద్రాసు ఎగ్మూరులో మీటరు గేజి బండి ఎక్కి రామేశ్వరం వెళ్ళేవారం అప్పట్లో. 1914లో కట్టిన పాంబన్ వంతెన మీద బండి నడక వేగానికి తగ్గింది. కిటికీలోంచి తల వంచి చూస్తే పట్టాల కింద నేల లేదు, నీళ్ళే. మాలో ఒకావిడ జడలోని కనకాంబరాల దండ తీసి సముద్రంలో వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా అవతలి గట్టు దాకా అలాగే నిలబడ్డారు. ఎందుకని మేమెవరమూ అడగలేదు. మా స్నేహంలో ఆ మర్యాద ఉండేది.

ఖాళీ బెర్తు సంగతి మాత్రం నాకు తెలియదు.

రెండో జవాబు (సికింద్రాబాదు నుంచి)

పై జవాబులో ఒక్క విషయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఎల్‌టీసీ ఉన్నవారి కంటే లేనివారే ఇటువంటి క్లబ్బులలో ఎక్కువమంది ఉండేవారు. మాది ఉద్యోగినుల హాస్టలులో పుట్టిన బృందం. ఇటువంటి హాస్టళ్ళ నిర్మాణానికి కేంద్రం 1972-73లో ఒక పథకం పెట్టింది. మాలో ప్రైవేటు బడి పంతులమ్మలు, నర్సులు, టైపిస్టులు ఉండేవారు. ఒకామె చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, 25 ఏళ్ళు దాటాక ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ పూర్తిచేసి ఉద్యోగం తెచ్చుకున్నారు. ఆ సభను స్థాపించిన దుర్గాబాయి గారి చలవ అని ప్రతి మాటకూ అనేవారు. వీరెవరికీ ప్రయాణానికి పైసా ఇచ్చే యజమాని లేడు.

మమ్మల్ని ఊళ్ళు తిప్పినది చీటీ. పన్నెండుమందిమి నెలకింతని వేసుకుని పాట పాడుకునేవారం. పాడినవారు వదులుకున్న సొమ్మును మామూలుగా అందరికీ పంచుతారు కదా, మేము పంచుకోకుండా దాన్ని తీసి పోస్టాఫీసులో వేసేవారం. ఇంట్లో జీతం కవరు అప్పగించే ఆడవారికి కూడా ఇది కుదిరేది. చీటీ కడుతున్నానంటే ఎవరూ కాదనరు. మీ పుస్తకంలో ఎల్‌టీసీ ఉన్న సంవత్సరాలలో కూడా "వి.ని. 10" ఆగలేదంటే, అది లేని స్నేహితురాళ్ళ కోసమే కట్టి ఉంటారని నా నమ్మకం.

ఆ డబ్బుతో మేము కాశీ వెళ్ళాము. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లో ఇటార్సీలో దిగి, అర్ధరాత్రి ప్లాటుఫారం మీద హోల్డాళ్ళు పరుచుకుని, తరువాతి బండి కోసం కూర్చున్నాము. మా మెట్రిక్ అక్క మూట విప్పి అందరికీ చింతకాయ పచ్చడన్నం ముద్దలు కలిపి పెట్టారు. వితంతువు అని పెళ్ళిళ్ళలో, పేరంటాలలో పక్కకు నిలబెట్టిన ఆ చేతి ముద్దను మేము వంతులు వేసుకుని తిన్నాము. కాశీలో మానససరోవర్ ఘట్టం దగ్గర ఆంధ్రాశ్రమంలో దిగాము. గంగలో మునిగిన సంగతి కంటే నాకు ఆ ప్లాటుఫారమే ఎక్కువ గుర్తుంది.

మూడో జవాబు (విశాఖపట్నం నుంచి)

అమ్మాయీ, ఆ పుస్తకం మా క్లబ్బుదే. మూడు రోజులుగా రాద్దామని కూర్చుని లేస్తున్నాను. ఆ ఖాళీ బెర్తు నాది.

మొదటి ప్రయాణానికి బొర్రా ఎందుకు ఎంచుకున్నామో ముందు చెప్పాలి. మాలో చాలామందికి రాత్రి బయట ఉండడానికి ఇంట్లో ఒప్పుకునే పరిస్థితి లేదు. అప్పటి వాల్తేరు స్టేషనులో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజరు ఎక్కితే రాత్రి అన్నాలవేళకు ఇల్లు చేరవచ్చునని మీ అమ్మగారు కాగితం మీద టైములు రాసి ఒక్కొక్కరి ఇంటికీ తీసుకువెళ్ళి చూపించారు. కొత్తవలస దాటాక కొండల్లో మొత్తం 58 సొరంగాలు ఉన్న దారి అది. ప్రతి సొరంగంలోనూ పెట్టె అంతా చీకటి కాగానే చిన్నపిల్లల్లా కేకలు పెట్టాము. ఆ ప్రయాణానికి నేనూ ఉన్నాను. ఆ రాత్రి చెప్పిన వేళకే ఇళ్ళకు చేరాము కనుకనే తరువాతి ప్రయాణాలు జరిగాయి.

1981 నాటికి మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. కన్యాకుమారికి పేరు ఇచ్చాను, టికెట్టు కొన్నారు, బయలుదేరే రోజుకు ఆమెను చూసుకునేవారు దొరకలేదు. రద్దు చేయించి డబ్బు వెనక్కి తీసుకోమని కబురు పెట్టాను. మీ అమ్మగారు తీసుకోలేదు. చివరి నిమిషంలోనైనా రావచ్చు, బండి కదిలే దాకా ఆ బెర్తు ఆమెదే అన్నారట. మరుసటి ఏడాది పూరీకి కూడా అలాగే కొన్నారు. ఆ ఏడు మా పైఅధికారి సెలవు ఇవ్వలేదు. రెండుసార్లూ ఆ సొమ్ము విహార నిధిలోంచే పోయింది, పన్నెండుమందిలో ఒక్కరూ కాదనలేదు. పూరీ వెళ్ళినప్పుడు నా బెర్తును రిజర్వేషను లేని ఒక ముసలావిడకు ఇమ్మని టీటీఈని అడిగారని తరువాత తెలిసింది.

1985లో డార్జిలింగు అనుకున్నప్పుడు నేను పేరు ఇవ్వలేదు. మీ అమ్మగారే ఒక సాయంత్రం మీ అమ్మమ్మగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆవిడ మా అత్తగారి మంచం పక్కన కూర్చుని, తాంబూలం నమిలి పెట్టి, తొమ్మిది రోజులు నేను ఇక్కడే ఉంటాను, నాకు మందుల వేళలు చెప్పు అన్నారు. నోట మాట రాక నిలబడిపోయాను.

కలకత్తా వెళ్ళే హావ్‌డా బండిలో నాది పైబెర్తు. మంచాన ఉన్నవారికి పుళ్ళు పడకుండా రాత్రి రెండు గంటలకు లేచి పక్కకు తిప్పి పడుకోబెట్టడం నాకు నాలుగేళ్ళ అలవాటు. ఆ రాత్రి బండిలో కూడా సరిగ్గా రెండింటికి మెలకువ వచ్చి, ఎక్కడున్నానో తెలియక, చీకట్లో నిచ్చెన తడుముకుంటూ కిందకు దిగాను. కింద బెర్తు మీద మీ అమ్మగారు టార్చిలైటు ఒళ్ళో పెట్టుకుని ఆ రోజు లెక్క రాస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "మా అమ్మ ఈపాటికి లేచే ఉంటుంది, నువ్వు పడుకో" అన్నారు. మళ్ళీ పైకెక్కి తెల్లవారేదాకా నిద్రపోయాను. టైగర్ హిల్ మీద కాంచన్‌జంగ తెల్లటి నుంచి గులాబీ రంగుకు, ఆపై బంగారు రంగుకు మారడం చూశాను. బతాసియా దగ్గర చిన్న బండి కొండ చుట్టూ సుడి తిరగడమూ, రెండు అడుగుల వెడల్పు పట్టాల మీద 7,400 అడుగుల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషనూ చూశాను. అవన్నీ బాగున్నాయి. కానీ ఎవరైనా డార్జిలింగు అంటే నాకు మొదట గుర్తుకు వచ్చేది బండిలోని ఆ నిద్రే.

మా అత్తగారు ఆ తరువాత రెండేళ్ళకు పోయారు. చివరి దాకా మీ అమ్మమ్మగారిని అడుగుతూనే ఉన్నారు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అమ్మా, మీ జవాబు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నాకప్పుడు ఆరేళ్ళు. ఒక దసరా సెలవుల్లో అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ ఇంట్లో లేరు. నాన్నగారు రోజూ పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసి పెట్టిన సంగతి గుర్తుంది. అమ్మమ్మ ఏదో పురిటికి వెళ్ళిందని నాకు చెప్పారు. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

1985 పేజీ మళ్ళీ తీసి చూశాను. "హావ్‌డా" అన్న వరుసకు కింద "టార్చి బ్యాటరీలు 2" అని ఉంది. ఆ పక్కనే, లెక్కతో సంబంధం లేకుండా, మీ ఇంటిపేరు మొదటి అక్షరం రాసి "వచ్చింది" అని ఉంది. దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. పుస్తకం మొత్తంలో అమ్మ అలా గీతలు గీసిన చోటు ఇంకొకటి లేదు.

సికింద్రాబాదు అమ్మగారు ఊహించినది నిజమే. ఎల్‌టీసీ సంవత్సరాలలో విహార నిధి నుంచి ఇద్దరు బడి పంతులమ్మలకు టికెట్టు డబ్బు ఇచ్చినట్టు రెండు పద్దులు కనిపించాయి.

మీకు వీలైతే ఈ నెల చివరి ఆదివారం పుస్తకం తీసుకుని విశాఖ వస్తాను. కిరండూల్ ప్యాసింజరు పొద్దున్నే బయలుదేరుతుంది కాబట్టి శనివారం రాత్రికే ఊరు చేరుకుంటాను. మీ టికెట్టు కూడా నేనే తీసి ఉంచుతాను.