అఫీషియల్ పాస్‌పోర్టు తీసుకుంటే నా మామూలు పాస్‌పోర్టు ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. నేను రాష్ట్ర వ్యవసాయ శాఖలో పని చేస్తున్నాను. నెదర్లాండ్స్‌లో రెండు వారాల ట్రైనింగ్‌కి శాఖ నన్ను ఎంపిక చేసింది, జీవో కూడా వచ్చింది. పాస్‌పోర్టు ఎలాగూ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. తీరా చూస్తే ప్రభుత్వ పని మీద వెళ్తున్నారు కాబట్టి తెల్ల అట్ట ఉండే అఫీషియల్ పాస్‌పోర్టుకి అప్లై చేయమని సెక్షన్‌లో చెప్పారు. నా టెన్షన్ అంతా నా నీలం పాస్‌పోర్టు గురించే. అందులో అమెరికా వీసా ఉంది. డల్లాస్‌లో మా అమ్మాయికి ఇంకో మూడు నెలల్లో డెలివరీ, మొదటి కాన్పు. నీలం పాస్‌పోర్టు ఇచ్చేస్తే ఆ వీసా పోతుందా? ట్రైనింగ్ అయ్యాక అటు నుంచి అటే డల్లాస్ వెళ్లొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1
కంగారు పడకండి సర్, రెండూ జేబులో పెట్టుకుని వెళ్లండి. డ్యూటీకి తెల్లది, సొంత పనికి నీలంది.

జవాబు 2
పైన చెప్పింది దయచేసి పాటించకండి. నేను రిటైరయ్యే దాకా విదేశీ పర్యటనల ఫైళ్లే చూశాను. రెండు పాస్‌పోర్టులు ఒకేసారి చేతిలో ఉండకూడదు. నీలం పాస్‌పోర్టు అప్పగించి సేఫ్ కస్టడీ సర్టిఫికెట్ తీసుకోవాలి, దాన్ని తెల్ల పాస్‌పోర్టు దరఖాస్తుతో జత చేయాలి. పేరులోనే ఉంది కదా, అది భద్రపరచడం, రద్దు చేయడం కాదు. మీ అమెరికా వీసా ఎక్కడికీ పోదు.

పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో డిప్లొమాటిక్, అఫీషియల్ పాస్‌పోర్టులకి వేరే ఫారం ఉంటుంది, మామూలు ఫారం నింపి మళ్లీ మొదటికి రాకండి. ఫీజు ఉండదు. మీ ఆఫీసు నుంచి ఫార్వర్డింగ్ లెటర్, ఆఫీసు హెడ్ సర్టిఫికెట్, ఐడీ కార్డు కాపీ, విదేశాంగ శాఖ పొలిటికల్ క్లియరెన్స్ (ఈ పర్యటనకి అభ్యంతరం లేదన్న అనుమతి) కావాలి. ఢిల్లీ పటియాలా హౌస్‌లో ఉన్న సీపీవీ విభాగంలో (విదేశాంగ శాఖలో పాస్‌పోర్టులు, వీసాల పని చూసేది) ఇవ్వవచ్చు, లేదా మీ ప్రాంతీయ పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా పెట్టుకోవచ్చు. ఖర్చులు ఆ దేశపు సంస్థ పెట్టుకుంటుంటే మాత్రం హోం శాఖ నుంచి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి కూడా తీసుకోవాలి. చాలామంది ఇది చివర్లో గుర్తు చేసుకుని పరుగులు పెడతారు.

జవాబు 3
ఈయన చెప్పినట్టే చేయండి. నాకు ఆలస్యమైంది పాస్‌పోర్టు ఆఫీసులో కాదు, మా సొంత ఆఫీసులోనే. ఫార్వర్డింగ్ లెటర్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా పడితే, దాన్ని సరిచేసి మళ్లీ సంతకం పెట్టించడానికి పన్నెండు రోజులు పట్టింది, ఆ పన్నెండు రోజులు నాకు నిద్ర లేదు. లెటర్ చేతికి రాగానే సర్వీస్ రిజిస్టర్, ఆధార్, పాత పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి. పాస్‌పోర్టు వచ్చాక వీసా వేరే పని, దానికి విదేశాంగ శాఖ నుంచి వీసా నోట్ (వీసా ఇవ్వమని ఆ దేశపు ఎంబసీకి రాసే లేఖ) తీసుకోవాలి, ఆ రోజులు కూడా లెక్కలో వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థ్యాంక్స్ అండీ, వీసా పోదన్న మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. మరి అటు నుంచి అటే వెళ్లడం సంగతి?

జవాబు 2
కుదరదండీ. తెల్ల పాస్‌పోర్టు ప్రభుత్వ పనికి మాత్రమే, సొంత ప్రయాణానికి వాడకూడదు. తిరిగొచ్చి దాన్ని సరెండర్ చేసి, ఆ సరెండర్ సర్టిఫికెట్‌తో నీలంది వెనక్కి తీసుకుని అప్పుడు బయలుదేరండి. డల్లాస్ ప్రయాణానికి శాఖ అనుమతి, సెలవు వేరే ఫైలు. ట్రైనింగ్ అయ్యేదాకా ఆగకుండా ఆ ఫైలు ఇప్పుడే కదిలించండి. మూడు నెలలంటే టైం ఉంది, కానీ తిరిగొచ్చిన వారంలోనే సరెండర్ పని పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు
సోమవారమే రెండు ఫైళ్లూ పెడతాను. అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, వాళ్లమ్మ ముందు వెళ్తుంది, నేను కాన్పు టైంకి చేరుకుంటాను అని.