స్టీరింగ్ లూజుగా ఉన్న పాత కారు: బేరమాడి కొనాలా, వదిలేయాలా?

నల్లకుంట వాసి: ఉప్పల్ వైపు తొమ్మిదేళ్ల హ్యాచ్‌బ్యాక్ ఒకటి చూశాను. నేరుగా వెళ్తున్నప్పుడు స్టీరింగును రెండు వేళ్ల మేర కదిపినా బండి దిశ మారడం లేదు. ‘అలైన్‌మెంట్ చేయిస్తే పోతుంది’ అంటూ అమ్మేవారు కొంత ధర తగ్గించారు. తీసుకోవచ్చా?

స్పానర్: వదిలేయండి. అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలు సరిచేయడం. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు ఒక అంచున అరుగుతాయి. తిప్పినా బండి పలకడం లేదంటే ఎక్కడో కీలు అరిగింది. నగరంలో నలభై వేగంలో అది పెద్దగా తెలియదు. 120 వరకు అనుమతించే ఔటర్ రింగు రోడ్డు ఎక్కి లేన్ మారినప్పుడు తెలుస్తుంది.

పాతబండి: వదిలేయమనడం తేలికేనండీ. మన గుంతల్లో తొమ్మిదేళ్లు తిరిగిన బండికి టై రాడ్ ఎండ్లు (స్టీరింగు కదలికను చక్రానికి అందించే కడ్డీల చివరి కీళ్లు) అరగకపోతేనే అనుమానించాలి! అవి మార్చడం చిన్న పని. ర్యాక్ (స్టీరింగు తిప్పితే పక్కలకు జరిగి ఆ కడ్డీలను కదిపే పళ్ల కడ్డీ) పోతే మాత్రం ఖర్చు వేరు. ఏది అరిగిందో ముందు తేల్చండి.

పరీక్ష ఇలా: బండి నేల మీదే ఉండాలి, చక్రాలు నేరుగా ఉండాలి. ఇంజన్ నడుస్తుండాలి, పవర్ స్టీరింగును ఇంజన్ ఆపి చూస్తే లేని లూజు కూడా కనిపిస్తుంది. ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా ఆడించాలి, ఒకరు వంగి కింద చూడాలి. రాడ్ కదిలి చక్రం కదలకపోతే బయటి ఎండ్. ర్యాక్ మొత్తం పక్కలకు జరుగుతుంటే దాన్ని పట్టి ఉంచే బుష్‌లు. ర్యాక్‌లోకి వెళ్లే షాఫ్టు తిరుగుతున్నా రాడ్లు కదలకపోతే అరుగుదల ర్యాక్ లోపలే. తర్వాత జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే చక్రం బేరింగు లేదా బాల్ జాయింటు (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండు కీలు).

జిప్సీ యజమాని: నా బండికి ర్యాక్ ఉండదు, దాని బదులు స్టీరింగ్ గేర్ పెట్టె ఉంటుంది. కాస్త లూజు దానికి సహజం. హ్యాచ్‌బ్యాక్‌కు ఆ మినహాయింపు లేదు.

స్పానర్: పాతబండి గారి పరీక్ష సరైనదే. కానీ అమ్మే ముందు ర్యాక్ అడ్జస్టింగ్ బోల్టు బిగించి లూజు దాచేవారూ ఉంటారు. అలా అతిగా బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. ఒక పక్క టై రాడ్ మాత్రమే కొత్తగా మెరుస్తుంటే ఆ పక్క దెబ్బ తిన్నదేమో అడగండి.

నల్లకుంట వాసి: మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్తాను. ర్యాక్ అయితే వద్దంటాను. ఎండ్లయితే వాళ్లనే మార్పించమంటాను.

పాతబండి: వాళ్లు మార్పిస్తే దొరికిన చవక సామాను వేస్తారు. ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని మీరే మార్పించుకోండి. అలైన్‌మెంట్ ఆ తర్వాతే.

స్పానర్: తగ్గించుకున్నాక ర్యాక్ కూడా పోయిందని తేలితే? మరమ్మతు అయ్యాక నడిపి చూసి డబ్బివ్వడమే నయం. అప్పటిదాకా బయానా ఇవ్వకండి.